మధ్యాహ్నపు రక్తంలో వెతికిన రాత్రి హార్మోన్

నాలుగేళ్ల క్రితం మే నెలలో, కాలువలు కట్టేసి ఊరి చెరువు అడుగంటిన రోజుల్లో, మా చెల్లెలు తన కూతుర్నీ, పక్కింటి అబ్బాయినీ వెంటబెట్టుకుని దగ్గరి పట్టణంలోని ఒక రక్తపరీక్షల కేంద్రానికి వెళ్లి, వయసుకు తగ్గ ఎత్తు లేరని ఇద్దరికీ గ్రోత్ హార్మోన్ (ఎదుగుదల హార్మోన్) పరీక్ష చేయించింది. పాపకు అప్పటికి 8 ఏళ్లు, ఎత్తు 106 సెంటీమీటర్లు. అబ్బాయికి 13 ఏళ్లు, ఎత్తు 140 సెంటీమీటర్లు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇచ్చిన రక్తానికి మర్నాడు సాయంత్రం కాగితాలు వచ్చాయి. పాప విలువ మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు, అబ్బాయిది 0.4. "అన్నయ్యా, దీని ఒంట్లో ఆ హార్మోన్ లేనే లేదంట" అని చెల్లెలు ఫోనులో ఏడ్చింది. పక్కింటావిడ ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

ఆ పరీక్ష చేయించమని చెప్పినవాణ్ని నేనే. కోనసీమలో ఒక జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. పీయూష గ్రంథి బొమ్మను బల్ల మీద కళ్లు మూసుకుని గీయగలను, దాని ముందు భాగం నుంచి వెలువడే హార్మోన్ల పేర్లను వరుసగా అప్పజెప్పగలను. అవి ఎప్పుడు వెలువడతాయన్న ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ రాదు కాబట్టి, నేను కూడా దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. తరువాత తేలిందేమిటంటే, ఆ ఇద్దరిలో ఒకరికి నిజంగానే హార్మోన్ లోపం ఉంది, రెండోవారికి ఏ లోపమూ లేదు. దాదాపు ఒకే అంకె చూపించిన ఆ రెండు కాగితాలకు మాత్రం ఈ తేడా తెలియదు. ఎందుకు తెలియదో అప్పటి నుంచి చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పీయూష గ్రంథి శనగగింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. మెదడు అడుగున ఎముకలో తొలిచిన చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. దాని పైన సన్నని కాడతో కలిసి ఉన్న హైపోథాలమస్ రెండు విరుద్ధమైన ఆజ్ఞలు పంపుతుంది. ఒకటి గ్రోత్ హార్మోన్‌ను వదలమనేది, దాని పేరు జీహెచ్ఆర్‌హెచ్. రెండోది ఆపమనేది, అది సొమటోస్టాటిన్. వీటి చరిత్రలో ఒక వింత ఉంది. 1973లో రోజర్ గిల్మా ప్రయోగశాలలో వదలమనే పదార్థం కోసం వెతుకుతుంటే ఆపమనేది దొరికింది. వదలమనేది 1982లో గాని దొరకలేదు, అదీ మెదడులో కాక, దానిని అతిగా తయారుచేస్తున్న క్లోమపు కణితులలో దొరికింది. ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి పైచేయి సాధించడం వల్ల గ్రోత్ హార్మోన్ ధారగా కారకుండా, రోజుకు కొన్ని మార్లు ఉప్పెనలా లేచి పడిపోతుంది. పిల్లలలో అన్నిటికంటె పెద్ద ఉప్పెన నిద్రపట్టిన గంటలోపు, గాఢనిద్ర మొదలయ్యే వేళకు వస్తుంది. రక్తంలోకి చేరిన హార్మోన్ సుమారు ఇరవై నిమిషాలలో సగానికి సగం తరిగిపోతుంది కాబట్టి, ఉప్పెన దాటిన కొద్ది గంటలకు కొలిస్తే ఆరోగ్యవంతుడైన పిల్లవాడి రక్తంలో కూడా దాదాపు ఏమీ కనిపించదు.

డెల్టాలో పుట్టినవాడికి ఇది తేలికగా బోధపడాలి. దాళ్వాకు నీరు వంతులవారీగా వస్తుంది. మన వంతు కాని రోజున పంటబోదె దగ్గరకు వెళ్లి, అడుగున పగిలిన బురదను చూసి ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎండిపోయిందని ఏ రైతూ అనడు. తూము దగ్గర లస్కరును అడుగుతాడు, వంతు ఎప్పుడో తెలుసుకుంటాడు, ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూస్తాడు. మేము మాత్రం పాప బోదెలో పట్టపగలు చెయ్యి పెట్టి, నది లేదని తీర్మానించుకున్నాం.

ఈ హార్మోన్ తాను స్వయంగా చేసే పని కొంత, చేయించే పని కొంత. ఎముకల చివర్ల ఉండే మృదులాస్థి పలక మీద నేరుగా కొంత పనిచేస్తుంది. మిగతాదానికి కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరొక పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఇది ఇన్సులిన్‌ను పోలి ఉంటుంది, రక్తంలో తనను మోసే ప్రోటీన్లకు అతుక్కుని గంటల తరబడి నిలకడగా ఉంటుంది, అందుకే ఏ వేళ కొలిచినా ఇంచుమించు ఒకే విలువ చూపిస్తుంది. ఈ ఐజీఎఫ్-1 ఎక్కువైనప్పుడు అదే వెనక్కి కబురు పంపి, పీయూష గ్రంథినీ హైపోథాలమస్‌నూ నెమ్మదింపజేస్తుంది. ఆకలి, వ్యాయామం, రక్తంలో చక్కెర పడిపోవడం హార్మోన్‌ను లేపుతాయి, చక్కెర పెరిగితే అణగిపోతుంది. ఖాళీ కడుపు నుంచి వెలువడి ఆకలి పుట్టించే ఘ్రెలిన్ కూడా దీనిని ప్రేరేపిస్తుందని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. సరిగ్గా తిండి లేని పిల్లలలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది గాని కాలేయం దాని మాట వినదు, ఐజీఎఫ్-1 పడిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది. కాబట్టి ఐజీఎఫ్-1 తక్కువగా ఉన్నంత మాత్రాన నేరం పీయూష గ్రంథిదే అనడానికి వీల్లేదు. పోషణ, థైరాయిడ్, కాలేయం ఎలా ఉన్నాయో చూడాలి. అయిదేళ్లలోపు పిల్లలకు అది సహజంగానే తక్కువగా ఉంటుంది.

చెల్లెలి ఏడుపు ఆగాక, ఆ రెండు కాగితాలనూ తీసుకుని ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి, పిల్లల హార్మోన్ల వైద్యురాలొకరి దగ్గరకు వెళ్లాం. ఆమె కాగితాలను ఒకసారి చూసి, మడిచి పక్కన పెట్టి, పాప జడ విప్పమన్నారు. మా చెల్లెలికి అర్థం కాలేదు. నడినెత్తి మీద రబ్బరుబ్యాండుతో ఎగగట్టిన పిలక ఎత్తును ఒకటిన్నర సెంటీమీటర్లు పెంచి చూపిస్తుంది. చెప్పులు, సాక్సులు తీయించి, మడమలు, పిరుదులు, భుజపుటెముకలు పలకకు ఆనించి నిలబెట్టి, కంటి అడుగు అంచు, చెవి రంధ్రం ఒకే అడ్డగీతలోకి వచ్చేలా గడ్డం సర్దారు. నెత్తి మీదికి చెక్కపలక దించి, గాలి పీల్చమని, మిల్లీమీటరు దాకా చదివి, దించి మళ్లీ చదివారు. మూడుసార్లు అలాగే చేశారు. ఉదయం లేచినప్పటి ఎత్తుకూ సాయంత్రపు ఎత్తుకూ వెన్నుపూసల మధ్య దిండ్లు అణగడం వల్ల ఒక సెంటీమీటరు దాకా తేడా రావచ్చునని, అందువల్ల తరువాతి కొలతకు కూడా ఇదే వేళకు రమ్మని చెప్పారు. ఇంతకంటె చవకైన పరీక్ష మరొకటి లేదు, ఇంతకంటె అశ్రద్ధగా చేసే పరీక్ష కూడా మరొకటి లేదని నాకిప్పుడు అనిపిస్తుంది. మా కాలేజీలో ప్రతి జూలైలోనూ గోడ మీద సుద్దగీతకు ఆనించి, బూట్లతో సహా కొలుస్తాం.

ఒక్క ఎత్తు కూడా ఒక్క రక్తపు విలువ లాంటిదే, దానంతట అది తీర్పు చెప్పదు. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ మొదటి ఏడాదిలో 25, రెండో ఏడాదిలో 12 దాకా పెరుగుతుంది. నాలుగేళ్లు దాటాక యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు. ఈ మధ్యకాలంలో ఏడాదికి 4 కంటె తక్కువ పెరుగుతున్న పిల్లను, ఎత్తు ఎంతైనా సరే, ఊరికే వదలకూడదు. వైద్యురాలు బడి రిజిస్టరు కావాలన్నారు. మూడు వరుస కొలతలు దొరికాయి: 99, 102.5, 106. ఏడాదికి మూడున్నర చొప్పున అన్నమాట. పాప ప్రార్థన వరుసలో మూడేళ్లూ మొదటి స్థానంలోనే నిలబడింది, ఆ మూడేళ్లలో వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే ఎదిగిపోయారు. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అని మురిసిపోయిన పెద్దలలో నేనూ ఉన్నాను.

తల్లిదండ్రుల ఎత్తులతో ఒక చిన్న లెక్క ఉంది. ఇద్దరి ఎత్తులూ కూడి, ఆడపిల్లకైతే 13 తీసివేసి, మగపిల్లవాడికైతే 13 కలిపి, సగం చేయాలి. మా బావ 168, చెల్లెలు 154, కాబట్టి పాప పెద్దయ్యాక 154.5 దగ్గరకు, అటూ ఇటూ ఓ ఎనిమిది సెంటీమీటర్ల తేడాతో చేరాలి. భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో విడుదల చేసిన ఎదుగుదల పటాల మీద ఆమె చుక్క అట్టడుగు గీతకు కూడా బాగా కింద పడింది. ఇంటి పోలిక అంత దిగువకు లాగదు.

అబ్బాయి కథ వేరు. అతని తండ్రి 171, తల్లి 156, లెక్క ప్రకారం 170 కావాలి. ఏడాదికి అయిదు సెంటీమీటర్లు పెరుగుతూనే ఉన్నాడు, అంటే సగటుకు కిందుగా ఉన్నా పటంలోని గీత వెంబడే నడుస్తున్నాడు. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్సరే తీస్తే ఎముకల వయసు 11 ఏళ్లని తేలింది. యుక్తవయసు లక్షణాలింకా మొదలు కాలేదు. "మీరెప్పుడు ఎదిగారండీ?" అని వైద్యురాలు అతని తండ్రిని అడిగితే, ఇంటర్ రెండో ఏడాది దాకా ముందు బెంచీలోనే కూర్చున్నానని, డిగ్రీలో చేరాకే పాంట్లు పొట్టివయ్యాయని ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. ఇది ఆలస్యంగా ఎదిగే వంశాల లక్షణం, జబ్బు కాదు. ఐజీఎఫ్-1 ఎముక వయసుకు తగినట్టే ఉంది. మందు ఇచ్చి గ్రోత్ హార్మోన్‌ను లేపి కొలిచే ప్రేరణ పరీక్ష కూడా చేయమని తల్లి పట్టుపట్టింది, వైద్యురాలు ఒప్పుకోలేదు. యుక్తవయసు ఆలస్యమైన పిల్లలలో ముందుగా కొద్దిరోజులు సెక్సు హార్మోన్ ఇవ్వకుండా ఆ పరీక్ష చేస్తే, ఏ లోపమూ లేకపోయినా తక్కువ విలువలు వచ్చే అవకాశం ఎక్కువట. చేయకూడని పరీక్ష చేయకపోవడం కూడా వైద్యమేనని నేను మొదటిసారి గ్రహించింది అక్కడే.

పాప విషయంలో ఆమె పుట్టుక గురించి చాలాసేపు అడిగారు. ఎదురుకాళ్లతో పుట్టిందని మా చెల్లెలు చెప్పింది. మా ఇంట్లో దానిని ఒక విశేషంగా చెప్పుకుంటాం, నడుం పట్టేసినప్పుడల్లా మా అమ్మ ఈ పాప చేత తన్నించుకునేది. పుట్టిన వారంలో రెండుసార్లు చక్కెర పడిపోయి అద్దాల పెట్టెలో ఉంచారని, పచ్చకామెర్లు నెల దాటినా తగ్గలేదని కూడా గుర్తు చేసుకుంది. వైద్యురాలు ఈ మూడింటినీ రాసుకుని వాటి కింద గీత గీశారు. చక్కెర పడిపోకుండా కాపాడే హార్మోన్లలో గ్రోత్ హార్మోన్ ఒకటి కాబట్టి, పుట్టుకతోనే అది లేని శిశువులకు తొలి రోజుల్లో ఇలా జరగడం ఉంది. ఎనిమిదేళ్లుగా మేము ముచ్చటగా చెప్పుకున్న మాటలో ఆనవాలు దాగి ఉండగా, మేము మధ్యాహ్నపు రక్తంలో వెతికాం.

తరువాత వరుసగా రక్తహీనత, మూత్రపిండాలు, కాలేయం, గోధుమ పడని సీలియాక్ జబ్బు, థైరాయిడ్ చూశారు. థైరాయిడ్ లోపముంటే దానిని సరిదిద్దేదాకా మిగతా పరీక్షలకు అర్థం లేదు. పొట్టిగా ఉన్న ప్రతి ఆడపిల్లకూ క్రోమోజోములు చూడాలని, ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో కొంతో లోపించే టర్నర్ సిండ్రోమ్ పైకి ఏ గుర్తూ లేకుండా ఉండవచ్చునని చెప్పి అదీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఎముక వయసు మాత్రం అయిదేళ్లు, ఐజీఎఫ్-1 వయసుకు ఉండవలసిన దానికంటె బాగా తక్కువ. అప్పుడు గాని ప్రేరణ పరీక్షకు తేదీ ఇవ్వలేదు.

ఆ పరీక్షలో చేసేదల్లా గ్రంథిని లేపి అడగడం. ఆగస్టులో ఒక ఉదయం, రాత్రి నుంచి ఏమీ తినని పాపను మంచం మీద పడుకోబెట్టి, ముంజేతికి సూది గొట్టం అమర్చి, అరగంట ఆగి మొదటి నమూనా తీశారు. ఆపై క్లోనిడిన్ 100 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి గుటకెడు నీళ్లతో ఇచ్చారు. ఇది పెద్దలకు రక్తపోటు తగ్గించే మందు, హైపోథాలమస్‌ను కదిలించి గ్రోత్ హార్మోన్‌ను వదిలించే గుణం దీనికి ఉంది, ఎంత ఇవ్వాలో శరీర వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తారు. 30, 60, 90, 120 అని రాసిన చిన్న గొట్టాలు ట్రేలో వరుసగా పెట్టి ఉన్నాయి. అరగంట గడిచేసరికి పాప కళ్లు వాలిపోయాయి, ముఖం పాలిపోయింది, నర్సు పది నిమిషాలకోసారి బీపీ చూస్తూ "మత్తుగా ఉంటుంది, భయపడకండి, కూర్చోబెట్టకండి" అని చెబుతూనే ఉంది. 90 నిమిషాల నమూనా తీసేటప్పుడు పాప ఒక్కసారి కళ్లు తెరిచి "మావయ్యా, ఇడ్లీ ఎప్పుడు?" అని అడిగి మళ్లీ నిద్రపోయింది. అయిపోయాక ఉప్పు వేసిన మజ్జిగ తాగించి, బీపీ కుదుటపడేదాకా రెండు గంటలు అక్కడే ఉంచారు.

హార్మోన్ అత్యధికంగా 60 నిమిషాలకు 2.9 నానోగ్రాములు వచ్చింది. ఒక్క పరీక్షలో ఓడిపోయే ఆరోగ్యవంతులైన పిల్లలు కూడా ఉంటారు కాబట్టి, మరొక రోజు గ్లూకగాన్ ఇంజెక్షన్‌తో మూడు గంటల పరీక్ష చేశారు. అందులో 2.4 వచ్చింది. ఎంత వస్తే చాలు అన్నది ఒక గట్టి సరిహద్దు కాదు. చాలాకాలం 10 అన్నారు, కొత్త కొలత పద్ధతులు వచ్చాక చాలామంది 7 అంటున్నారు. ప్రయోగశాలను బట్టి అంకె మారుతుంది, లావుగా ఉన్న పిల్లలలో సహజంగానే తక్కువ వస్తుంది. 6.8 వచ్చిన పిల్లకు లోపం ఉందని, 7.2 వచ్చిన పిల్లకు లేదని తేల్చేవాళ్లను నేను నమ్మను. పాప విషయంలో పుట్టుక, ఎదుగుదల వేగం, ఎముక వయసు, ఐజీఎఫ్-1, రెండు పరీక్షలు అన్నీ ఒకవైపే మొగ్గాయి. ఎమ్మారై తీస్తే పీయూష గ్రంథి ముందు భాగం చిన్నదిగా ఉంది, కాడ దారంలా సన్నబడింది, గుంటలో ఉండవలసిన వెనక భాగపు తెల్లటి చుక్క పైన హైపోథాలమస్ దగ్గరే నిలిచిపోయింది.

అంటే మొదటి కాగితంలోని 0.2 నిజమే చెప్పిందా? చెప్పలేదు. పక్కింటి అబ్బాయి కాగితం కూడా అదే మాట చెప్పింది కదా. ఒక పిల్ల విషయంలో గుడ్డిగా కలిసివచ్చిన పరీక్షను పట్టుకుని వైద్యం మొదలుపెడితే, ఆ అబ్బాయికి ఏళ్ల తరబడి అక్కరలేని ఇంజెక్షన్లు పడేవి.

మందు అక్టోబరులో మొదలైంది. అమెరికా వైద్యుడు మారిస్ రాబెన్ మొదటిసారి ఒక రోగికి మనిషి గ్రోత్ హార్మోన్ ఇచ్చి ఎదుగుదల వచ్చిందని 1958లో ప్రకటించినప్పుడు, అది మృతదేహాల పీయూష గ్రంథుల నుంచి తీసినది. గొడ్డు, పంది హార్మోన్లు మనిషికి పనిచేయవు, కోతిది మాత్రం పనిచేస్తుంది. అలా తీసిన మందు వల్ల కొందరికి ఏళ్ల తరువాత క్రూట్జ్‌ఫెల్ట్-జేకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చిందని 1985లో బయటపడింది, అదే ఏడాది జన్యు ఇంజనీరింగు ద్వారా తయారైన హార్మోన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పుడు దొరికేదంతా అలా తయారైనదే. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 35 మైక్రోగ్రాముల లెక్కన పాపకు మొదట్లో అర మిల్లీగ్రాము చాలింది. శరీరం తనంతట తాను చేసే వేళకు దగ్గరగా ఉండాలని రాత్రి పడుకోబోయే ముందు, తొడకో పొట్టకో చర్మం కింద ఇస్తారు. ఖర్చు తక్కువేమీ కాదు, మా బావ కొబ్బరితోటలో ఒక ముక్క తాకట్టు పెట్టాడు. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పారేయాలి. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోయినప్పుడు, దానిని చేపల ఐసు పెట్టెలో తువ్వాలు చుట్టి, ఐసుకు తగలకుండా పెట్టి, థర్మామీటరు పట్టుకుని కాపలా కాశాం.

మొదటి ఏడాది 10.7 సెంటీమీటర్లు పెరిగింది, రెండో ఏడాది 7.8, మూడో ఏడాది 6.6. మొదటి ఏడాది వేగం తరువాత తగ్గడం మామూలే. టీవీలో కనిపించే ఎత్తు పెంచే పొడుల వల్ల గాని, కడ్డీ పట్టుకుని వేలాడడం వల్ల గాని ఇది జరగదని, అడిగినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. పక్కింటి అబ్బాయి ఏ మందూ లేకుండా ఇప్పుడు 17 ఏళ్లకు 168 ఉన్నాడు, వాళ్ల నాన్న పక్కన నిలబడితే కళ్లు ఇంచుమించు ఒక ఎత్తులోనే ఉంటాయి.

కాడ అలా సన్నబడిన పిల్లలలో మిగతా పీయూష హార్మోన్లు కూడా ఒకదాని తరువాత ఒకటి తగ్గవచ్చునని, గ్రోత్ హార్మోన్ ఇవ్వడం మొదలుపెట్టాక దాగి ఉన్న థైరాయిడ్ లోపం బయటపడవచ్చునని వైద్యురాలు ముందే చెప్పారు. ఆరు నెలలకోసారి థైరాయిడ్, పీయూష గ్రంథి ఆజ్ఞతో అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ హార్మోన్ ఉదయం ఎనిమిదింటికి చూస్తున్నారు. కార్టిసాల్ కూడా వేళను బట్టి మారేదే, కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరి ఎదుర్లంక వంతెన దాటుతాం. ఈ ఏప్రిల్‌లో థైరాయిడ్ హార్మోన్ టీ4 తగ్గినట్టు వచ్చింది. అది పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న తెల్లమాత్రతో సరిపోయింది. రాత్రి సూది, పొద్దున మాత్ర అని పాప రెండింటినీ క్యాలెండరు మీద తానే టిక్కు పెట్టుకుంటోంది. కొలతకు వెళ్లే రోజున మాత్రం జడ ఇంటి దగ్గరే విప్పుకుంటుంది.